చెడ్డ కాగితం మీద మొదటి ప్రూఫ్

'ఆ రోజుల్లో' అని రాయాలంటే మనిషికి కనీసం తల నెరవాలని మా నానమ్మ అభిప్రాయం. ఆమె ఆ మాట అన్నదంటే మెదక్‌లో సగం ఇళ్ళకు కరెంటు లేని కాలం కళ్ళముందుకు వస్తుంది. నాకింకా ముప్పై నిండలేదు. అయినా ధైర్యం చేసి రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసే పనిలో ఏడేళ్ళంటే మూడు తరాలు. ఆ రోజుల్లో కష్టపడి నేర్చుకున్న విద్యలో సగం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు, మిగతా సగం నేనే మరిచిపోయాను. వెబ్‌పేజీలకు అందం దిద్దడం నా వృత్తి. అక్షరం ఎంత లావుండాలి, రంగు ఏది, బొమ్మ ఏ మూలన కూర్చోవాలి అని వరుసగా ఆజ్ఞలు రాయాలి. ఆ ఆజ్ఞల భాషను పెద్దలెవరో ఎక్కడో కూర్చుని ఏటేటా పెంచుతుంటారు. పాటించాల్సింది మాత్రం మనం పేజీని తెరిచే బ్రౌజర్. పెద్దలు ఇవాళ ఒక నియమం రాస్తే కొన్ని బ్రౌజర్లు రేపు నేర్చుకుంటాయి, కొన్ని వచ్చే ఏడు నేర్చుకుంటాయి, కొన్ని నేర్చుకోకుండానే రిటైరవుతాయి. తెలియని ఆజ్ఞ ఎదురైతే బ్రౌజర్ కోప్పడదు, ఇదేమిటని అడగదు. పెళ్ళిలో మాటల్లేని చుట్టం ఎదురైనప్పుడు మనం చేసినట్టే, చూడనట్టు పక్కనుంచి వెళ్ళిపోతుంది. ఈ సంగతి నాకు చదువుకున్నప్పుడే తెలుసు. అర్థమైంది మాత్రం ఐదుగురు పెద్దమనుషుల ముందు నిలబడ్డ రోజున.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. నాలుగుచోట్లా నన్ను మర్యాదగా ఇంటికి పంపించారు (ఒకచోట టీ కూడా ఇచ్చారు, దాన్ని నేను చాలాకాలం సగం విజయంగా లెక్కపెట్టుకున్నాను). తిరిగొచ్చి మా వీధి చివరి ప్రెస్సులో చేరాను. దాని యజమానిని ఊళ్ళో అందరూ చాచా అనేవాళ్ళు. రాందాస్ చౌరస్తా నుంచి లోపలికి వెళ్ళే ఒక గల్లీలో, వాళ్ళ నాన్న పెట్టిన ప్రెస్సు అది. పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు, దర్గా ఉర్సు పోస్టర్లు, చర్చిలో పంచే ఆరాధన క్రమాలు, అన్నీ అక్కడే అచ్చయ్యేవి. కాలితో తొక్కితే నడిచే ట్రెడిల్ మిషన్ ఒకటి, గోడ పొడుగునా సీసపు అక్షరాల అరలు. చాచా తెలుగునూ ఉర్దూనూ ఇంగ్లీషునూ అచ్చుదిమ్మెల మీద తిరగేసి ఉన్నా గడగడా చదివేవాడు. సరిగ్గా ఉన్నవి చదవడానికే ఆయనకు కళ్ళద్దాలు కావాలి. నేను చేరిన రోజున నాకొక విజిటింగ్ కార్డు అచ్చువేసి ఇచ్చాడు, పేరు కింద 'వెబ్ ఇంజనీర్' అని. అంతకుముందు రోజు వరకు నేను ఇంజనీర్‌ని కాను. ఆ తర్వాతా కాలేదు. కానీ అచ్చులో చూసుకుంటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది.

అప్పటికే పెళ్ళికార్డులు ఫోన్లలోకి వెళ్ళిపోతున్నాయి. ప్రెస్సులో మిషన్ చప్పుడుకంటే ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా వినబడేది. మనోహరాబాద్ నుంచి పాత ఇనుము కొనే ఆయన ఒకరు రెండుసార్లు వచ్చి, గేదెను బేరమాడేవాడిలా ట్రెడిల్ చుట్టూ తిరిగి, దాని పక్కటెముకలు తట్టి చూసి వెళ్ళాడు. ఆయన మళ్ళీ అడిగితే ఇచ్చేసి ప్రెస్సు మూసేస్తానని చాచా ఒకసారి గోడతో అన్నాడు. గోడ పక్కన నేను కూడా ఉన్నాను కాబట్టి విన్నాను.

అలాంటప్పుడు వచ్చింది ఎర్రపెన్ను టీచర్. చర్చి వైపు ఒక స్కూల్లో ఆమె పాతికేళ్ళకు పైగా తెలుగు చెప్పింది, తర్వాత కంప్యూటర్ ల్యాబు బాధ్యత కూడా ఆమెకే అంటగట్టారు. పెళ్ళికార్డు అందినా, కరెంటు బిల్లు వచ్చినా ముందు ఎర్రపెన్ను తీసి తప్పులు దిద్దేది. స్కూలు పాత విద్యార్థులందరినీ ఒకచోట కలపాలని అయిదుగురితో కమిటీ వేశారట. ఆహ్వానం కార్డు అచ్చుకావాలి, అదే ఆహ్వానం వెబ్‌పేజీగా కూడా ఉండాలి, వచ్చేవాళ్ళు అందులో పేర్లు రాసుకోవాలి. రెండూ ఒకరే చెయ్యాలి. హైదరాబాద్‌లో ఎవరో రెండూ చేస్తామంటున్నారు, కానీ ఊళ్ళో చాచా ఉండగా అక్కడిదాకా ఎందుకని ఆమెకు అనిపించిందట. ప్రెస్సుకు అంత పెద్ద పని వచ్చి చాలాకాలమైంది. చాచా నావైపు చూడకుండానే ఒప్పుకున్నాడు. "మా దగ్గర ఇంజనీర్ ఉన్నడు టీచర్" అన్నాడు. ఇంజనీర్ ఎవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.

తర్వాత మూడు వారాలు నేను పనిచేసినట్టు మెదక్ ఖిల్లా కట్టినవాళ్ళు కూడా చేసి ఉండరు. అప్పుడే వచ్చిన నియమాలు ఒక్కటి వదలలేదు. పేజీ అంతా ముదురు మెరూన్ రంగు, దానిమీద తెల్లటి అక్షరాలు. ఆ మెరూన్‌ను కొత్త పద్ధతిలో ఒకచోట పేరుపెట్టి దాచి, కావలసినచోట పేరుతో పిలిచాను. టీచర్ ఇచ్చిన పాత ఫొటోలను కొత్తగా వచ్చిన గళ్ళ పద్ధతిలో, ఒకదాని అంచు మీద ఒకటి వాలేట్టు పేర్చాను. ఫొటో ఏ కొలతలో ఉన్నా గడికి సరిపడా అంచులు కత్తిరించి చూపించే ఆజ్ఞ కూడా కొత్తదే. నా ల్యాప్‌టాప్‌లో చూశాను, అద్భుతం. నా ఫోన్‌లో చూశాను, అద్భుతం. నా దోస్తు ఫోన్‌లో చూశాను, వాడు కూడా అద్భుతమన్నాడు (ఆ రోజు చాయ్ నేనే తాగించాను). ఏ బ్రౌజర్‌కు ఏ నియమం తెలుసో ఎరుపు, ఆకుపచ్చ గళ్ళలో చూపించే పట్టిక ఒకటి నెట్‌లో ఉంటుందని నాకు తెలుసు. రిపోర్టులో షుగర్ ఎక్కువుంటుందని తెలిసినవాడు దవాఖానా వైపు వెళ్ళనట్టు, నేనూ ఆ వైపు వెళ్ళలేదు.

సోమవారం పొద్దున చాచా స్కూటర్ వెనక కూర్చుని స్కూలుకు వెళ్ళాను. చాచా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కమిటీ ల్యాబులోనే కూర్చుంది: టీచర్, రిటైరైన పాస్టర్ అయ్యగారు, ఇంకో ముగ్గురు పెద్దలు. టీచర్ ఒక కంప్యూటర్ మీది గుడ్డ తీసింది. ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు పసుపుకొమ్ము రంగుకు తిరిగిన పెట్టె అది. అందులోని బ్రౌజర్‌ను చూసి నాకు నవ్వొచ్చింది. లోపల నవ్వుకుంటే ఈ జ్ఞాపకం ఇంత పొడుగుండేది కాదు. బయటికే నవ్వాను. టీచర్ చూసింది. కూర్చొని చిరునామా కొట్టాను.

పేజీ వచ్చింది. వచ్చిందని నేనంటున్నాను, కమిటీ ఒప్పుకోలేదు. పేరుపెట్టి దాచిన మెరూన్ సంగతి ఆ బ్రౌజర్‌కు తెలియదు, అందుకని ఆ ఆజ్ఞను చూడనట్టు వదిలేసింది. అక్షరాలు తెల్లగా ఉండాలన్న పాత ఆజ్ఞ తెలుసు కాబట్టి దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు. దాని కింద ఫొటోలు. గళ్ళూ తెలియవు, అంచులు కత్తిరించడమూ తెలియదు. అందుకని ఒక్కో ఫొటోను ఈ గోడ నుంచి ఆ గోడకు సాగదీసి, ఒకదాని కింద ఒకటి పరిచింది. బక్కపలచని పాత హెడ్మాస్టర్ గారు సోఫాలా వెడల్పయ్యారు. పాస్టర్ అయ్యగారు తన పడుచుదనపు ఫొటోను చాలాసేపు చూశారు. "నేను అప్పుడు గింత లావుంటినా?" అని పక్కాయనను అడిగారు. పక్కాయన మొహమాటపడి, జ్ఞాపకం లేదన్నారు.

"అక్షరాలేవి బాబూ?" అన్నది టీచర్.

"ఉన్నయి టీచర్. కనబడ్తలెవ్వు."

"దేవుడు అట్లుంటె నమ్ముతం. పిలుపు అట్లుంటె ఎవ్వరు నమ్మరు."

అక్షరాలున్నాయని నిరూపించడం నా ప్రాణావసరంగా తోచింది. మౌస్ పట్టుకుని పేజీ మీద అడ్డంగా రుద్దాను. రుద్దినమేరకు నీలం పట్టీ పడి, దానిమీద తెల్ల అక్షరాలు లేచాయి: 'అందరూ తప్పక రావాలి'. నేను గర్వంగా వెనక్కి తిరిగాను. పిలుపు చదవాలంటే వచ్చినోళ్ళందరూ అట్లా రుద్దుకోవాలా అని టీచర్ అడిగింది. చాచా కిటికీలోంచి చర్చి శిఖరం వైపు చూస్తున్నాడు. ఆయన మసీదుకు వెళ్ళే మనిషి, కానీ ఆ నిమిషంలో సాయం ఎక్కడినుంచి వచ్చినా ఫర్వాలేదనుకున్నట్టున్నాడు.

తప్పు నాది కాదని చెప్పడానికి నా దగ్గర రెండు వాదనలుండేవి. మొదటిది, బ్రౌజర్ పాతది, కొత్తది వేసుకుంటే సరిపోతుంది. దానికి టీచర్, పిల్లల మార్కులు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఈ పాత బ్రౌజర్‌లోనే నడుస్తుందనీ, దాన్ని ముట్టుకుంటే ఏడాది మార్కులు గల్లంతవుతాయనీ చెప్పి, చివరికి ఒక మాట అన్నది. "ప్రశ్న రాకపోతె పేపర్ మార్చమంటవా?" రెండోది, నా ల్యాప్‌టాప్‌లో చూడండి. దానికి ఆమె, మా పాత పిల్లలు కుల్చారంలో, అల్లాదుర్గ్‌లో ఉన్నారు, అక్కడి ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో ఇంతకంటే ముసలి కంప్యూటర్లున్నాయి, అందరికీ నీ ల్యాప్‌టాప్ పంపిస్తావా అని అడిగింది. శుక్రవారం కమిటీ మళ్ళీ కూర్చుంటుంది, ఇదే కంప్యూటర్‌లో చూస్తుంది, నచ్చకపోతే శనివారం హైదరాబాద్ వాళ్ళను పిలుస్తుంది. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టిన తర్వాత అరగంట ల్యాబు ఖాళీగా ఉంటుంది, వచ్చి చూసుకోవచ్చు. ఈ నాలుగు మాటలు చెప్పి ఆమె కంప్యూటర్ మీద మళ్ళీ గుడ్డ కప్పింది. నా పేజీ మీద కప్పినట్టే ఉండింది.

తిరిగి వచ్చి గల్లీలో స్కూటర్ దిగాక, ఇనుపాయన గురువారం ఫోన్ చేస్తానన్నాడని చాచా చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకుని మానేసి వెళ్ళేవాణ్ణి. అనకపోవడం వల్ల ఇరుక్కుపోయాను. ఆ కంప్యూటర్ అంతు చూడకుండా ఆ ఇనుపాయన చెయ్యి మిషన్ మీద పడనివ్వనని అక్కడే గల్లీలో నిలబడి నిశ్చయించుకున్నాను. (పక్క హోటల్ ఆయన నన్ను చూసి, తోవ మరిచిపోయావా అని అడిగాడు. పట్టుదల నా మొహంలో అలా కనబడుతుందట.)

మంగళవారం నా పట్టుదల అంతా ఒక్క వాక్యంగా మారింది. పేజీ పైన పెద్ద అక్షరాలతో 'మీ బ్రౌజర్ చాలా పాతది, దయచేసి కొత్తది పెట్టుకోండి' అని రాశాను. 'దయచేసి' పెట్టాను కదా, ఇంకేం కావాలి? టీచర్ అన్నం డబ్బా మూసి, చేతులు తుడుచుకుని, తెర మీది పేజీని ప్రింటు తీసింది. ఎర్రపెన్నుతో వాక్యం చుట్టూ గుండ్రంగా గీసింది. "ఇంటికొచ్చిన చుట్టానికి ముందుగాల నీ అంగి పాతదని చెప్తవా బిడ్డా?" అన్నది. కాగితం మూలన పదికి సున్నా వేసి నా చేతికిచ్చింది. సున్నా చాలా శ్రద్ధగా, గుండ్రంగా వేసింది.

బుధవారం ఇంకా తెలివి ఉపయోగించాను. అందమైన పేజీ అందంగానే ఉండనిచ్చి, పాత బ్రౌజర్లకని పక్కన ఇంకో పేజీ వేరుగా చేశాను. ఎవరొచ్చారో చూసి ఎవరి పేజీకి వాళ్ళను పంపాలి. మర్యాదగల ఇళ్ళల్లో ముందు తలుపు, వెనక తలుపు ఉన్నట్టు. ఆ పొద్దున్నే టీచర్ కబురు పెట్టింది, పాత విద్యార్థుల సభ శనివారం కాదు, ఆదివారం ఆరాధన అయ్యాక అని. వెంటనే మార్చాను. ఎక్కడ మార్చానంటే, అందమైన పేజీలో. రెండో పేజీ అనేది ఒకటి ఉందని, చేసిన మూడు గంటలకే నేనే మరిచిపోయాను. అన్నం బెల్లు అయ్యాక టీచర్ ల్యాబు కంప్యూటర్‌లో చూసింది, తన ఫోన్‌లో చూసింది, మళ్ళీ కంప్యూటర్‌లో చూసింది. సగంమంది శనివారం వచ్చి తాళం చూసి పోతారా, సగంమంది ఆదివారం వస్తారా అని అడిగింది. ఫొటోలు మనుషుల్లా ఉన్నాయని మూడు మార్కులు వేసింది. ఆమె పాస్ మార్కు ఎంతని అడిగే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఆ మధ్యాహ్నం ప్రెస్సుకు వచ్చి, పదికి మూడు వచ్చిన కాగితాన్ని బల్లమీద పెట్టి కూర్చున్నాను. చాచా ఒక చిన్న పెళ్ళికార్డు పనిలో ఉన్నాడు. పని చిన్నదైనా ఆయన పద్ధతి మారేది కాదు. ముందు సీసపు అక్షరాలతో ఎవరి పెళ్ళి, ఎప్పుడు, ఎక్కడ, ఈ మూడూ పేర్చుకునేవాడు. పువ్వులూ అంచులూ ఏమీ లేకుండా, ఉత్తి అక్షరాలు. దాన్ని మిషన్‌కు ఎక్కించి, తప్పులు చూసుకోవడానికి మొదటి ప్రూఫ్ తీసేవాడు. ప్రెస్సులో దళసరి కార్డులు కట్టలకొద్దీ ఉన్నా మొదటి ప్రూఫ్ వాటిమీద తీసేవాడు కాదు. మూలన గోతాంలో ఉన్న చిత్తుకాగితం, కిరాణా పొట్లాలు కట్టే మట్టిరంగు కాగితం, దానిమీద తీసేవాడు. ఆరునెలల నుంచి చూస్తున్నాను. పిసినారితనం అనుకుని ఎప్పుడూ అడగలేదు. ఆరోజు నా మనసు బాగాలేదు కాబట్టి అడిగాను, మంచి కార్డు ఒక్కటి పాడైతే ఏం పోతుంది చాచా అని.

చాచా ప్రూఫ్‌ను కిటికీ దగ్గర వెలుగులో పట్టుకున్నాడు. "మంచి కాయితం మీద ఏదైన మంచిగనె కనబడ్తది బేటా. గది మన గొప్పతనం కాదు, కాయితం గొప్పతనం. గీ చెడ్డ కాయితం మీద పెండ్లెప్పుడో చదవొచ్చిందనుకో, ఇగ యాడైన చదవొస్తది. పూలు అప్పుడు పెట్టాలె."

తర్వాత ఆయన ఒక సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న కాలంలో పెళ్ళిళ్ళ సీజన్ వస్తే అరల్లో కొన్ని అక్షరాలు అయిపోయేవట. ముఖ్యంగా కొన్ని ఒత్తులు. అప్పుడు అక్షరం లేదని పెళ్ళివాళ్ళను వెనక్కి పంపేవాళ్ళు కాదు. ఉన్న అక్షరాలతో అదే అర్థం వచ్చేట్టు మాట మార్చి పేర్చేవాళ్ళు. పెళ్ళిళ్ళు ఆగలేదు, ఎవరూ తప్పు తారీఖున రాలేదు. ఇంతా చెప్పి ఆయన తన పనిలో పడ్డాడు. నాకు పాఠం చెప్పానని ఆయన అనుకోలేదు. అనుకుని ఉంటే నేను వినేవాణ్ణి కూడా కాదు. నేను మట్టిరంగు కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. పసుపుకొమ్ము రంగు పెట్టె గుర్తొచ్చింది. మూడు రోజులుగా నేను తిట్టుకుంటున్నది నా ప్రూఫ్ కాగితాన్నే.

మూడు వారాల పనిని పక్కకు పడేశాను (ఇక్కడ గుండె బరువెక్కిందని రాయాలి, కానీ నిజానికి ఆకలేసింది, ముందు వెళ్ళి రెండు సమోసాలు తిన్నాను). తర్వాత కూర్చుని ముందు ఉత్తి అక్షరాలు పేర్చాను. ఎవరు పిలుస్తున్నారు, ఎప్పుడు, ఎక్కడ. ఏ బ్రౌజర్ ఏది వదిలేసినా ఆ మూడూ చదవడానికి రావాలి. తర్వాత రంగు. ముందు పాత పద్ధతిలో మామూలు మెరూన్ ఒక వరుస రాశాను, దాని కిందే కొత్త పద్ధతిలో ఇంకో వరుస. కొత్తది తెలిసినవాడు కింది వరుస పాటిస్తాడు, తెలియనివాడు పై వరుస దగ్గర ఆగిపోతాడు. ఎవరికీ నామోషీ లేదు. ఫొటోలను కత్తిరించకుండా వాటి కొలతలోనే వదిలి, పాత పద్ధతిలో వరుసగా నిలబెట్టాను. అందమైన గళ్ళను పూర్తిగా వదిలెయ్యలేదు. వాటికి ముందు గేటు పెట్టాను: గళ్ళు తెలిసిన బ్రౌజర్ అయితేనే లోపలికి, లేకపోతే బయటి వరండాలోనే కుర్చీ వేసి మర్యాద చెయ్యాలి. పేజీ ఒక్కటే, తారీఖు ఒక్కచోటే. గురువారం పదకొండు గంటలకు పని తేలేసరికి ఇనుపాయన ఫోన్ వచ్చింది. చాచా నా వైపు ఒకసారి చూసి, జర శనివారం చెయ్యమని ఆయనకు చెప్పాడు. అంతకంటే బరువైన వాక్యం నా జీవితంలో ఇంతవరకు వినలేదు.

గురువారం అన్నం బెల్లు తర్వాత టీచర్ పేజీ తెరిచింది. నేను నవ్వలేదు. ఆమె కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చదివింది. ప్రింటు తీసి, ఎర్రపెన్ను మూత తీసి, ఏదో రాసింది. చూపించలేదు. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, రేపు పది గంటలకు రమ్మంది.

శుక్రవారం కమిటీ మళ్ళీ కూర్చుంది. చాచా అదే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, నేను లెక్కపెట్టకపోయినా తెలిసింది, ఆయనకు అది ఒక్కటే. పసుపుకొమ్ము పెట్టె మీది గుడ్డ తీశారు. ఈసారి నేను లోపల కూడా నవ్వలేదు, మనసులో దానికి దండం పెట్టాను. పేజీ తెరుచుకుంది. మెరూన్ వచ్చింది. అక్షరాలు తెల్లగా, రుద్దకుండానే కనబడ్డాయి. పాస్టర్ అయ్యగారు కళ్ళద్దాలు ఇంట్లో మరిచి వచ్చారట, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, ప్రసంగం చదివే గొంతుతో మొదటినుంచి చదివారు. ఎవరు పిలుస్తున్నారో చదివారు. ఆదివారం ఆరాధన అయ్యాక అని చదివారు. స్కూలు ఆవరణలో అని చదివారు. 'అందరూ తప్పక రావాలి' దగ్గర ఒక్క క్షణం ఆగి, తన ఫొటో వైపు చూసి, ఇప్పుడు సరిగ్గా ఉందన్నారు. ఒక ఆహ్వానాన్ని గట్టిగా చదివితే అంత సంతోషం కలుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అంతలో కమిటీలో కొంచెం కొత్త ఫోన్ ఉన్న పెద్దమనిషి అడ్డుపడ్డారు. ఆయన ఫోన్‌లో ఫొటోలు గళ్ళల్లో ఒకదాని అంచు మీద ఒకటి వాలి ఉన్నాయి, కంప్యూటర్‌లో మాత్రం డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్లా వరుసలో నిలబడ్డాయి. రెండుచోట్లా ఒకేలా లేదు కదా, ఇదేం పని అని ఆయన ప్రశ్న. నేను గేట్లూ నియమాలూ అంటూ నోరు తెరిచాను. నా మోకాలి మీద చాచా చెయ్యి పడింది.

"పటేలా, ఇంట్ల బనీను మీద ఉంటవు, పెండ్లికి కోటేస్కుంటవు. మనిషివి ఇద్దరైతవా?" అన్నాడు చాచా. "పిలుపు ఒక్కటే. తారీఖు ఒక్కటే. చూస్కో, ఏమన్న తేడా ఉంటె పని నాకియ్యకుండ్రి."

పెద్దమనిషి రెండూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం సరిచూశారు. చాచా కూడా ఆయనతో పాటు పెదవులు కదిపాడు. తేడా దొరకలేదు. పని ప్రెస్సుకే ఇస్తున్నట్టు పాస్టర్ అయ్యగారు చెప్పారు. బయటికి వస్తుంటే టీచర్ నన్ను ఆపి, హ్యాండ్‌బ్యాగులోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది. పదికి ఎనిమిది. ఏ తప్పూ గీయలేదు, మరి రెండు మార్కులు ఎక్కడ పోయాయని అడిగాను.

"సోమవారంనాడు నవ్వినందుకు" అన్నది.

శనివారం ఇనుపాయన మూడుసార్లు ఫోన్ చేశాడు. ట్రెడిల్ చప్పుడులో చాచాకు వినబడలేదు. నాకు వినబడింది. నేను చెప్పలేదు.

ఆ మిషన్ ఇప్పటికీ ఉంది. రోజుకు గంటో గంటన్నరో నడుస్తుంది, పనిలేని రోజున కూడా చాచా దానికి నూనె పోస్తాడు. నేనిప్పుడు ఇంట్లోనే కూర్చుని దూరపు కంపెనీకి పనిచేస్తున్నాను. స్కూలు వాళ్ళు ఆ పసుపుకొమ్ము కంప్యూటర్‌ను తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. నా బల్ల పక్కన దానికొక స్టూలు ఉంది. ఎంత కొత్త నియమం వచ్చినా, ఎంత గొప్ప పేజీ చేసినా, మొదటి ప్రూఫ్ దానిమీదే తీస్తాను. వీడియో మీటింగుల్లో అది కనబడినప్పుడల్లా కంపెనీవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకు రెండు మార్కులు తీసేసుకుంటాను.

మొన్న టీచర్ ఫోన్ చేసింది. ఆమె రిటైరైంది, రిటైరయ్యాక తనకోసం తాను మంచి కొత్త ఫోన్ కొనుక్కుంది. పాత విద్యార్థుల సభ మళ్ళీ పెడుతున్నారట, ఈసారి పేజీ ఎవరో కొత్త పిల్లలు చేశారట, మస్తుగా ఉంది, చూసి చెప్పమని లింకు పంపింది. నా ఫోన్‌లో తెరిచాను. తెల్లగా వచ్చింది. మూసి మళ్ళీ తెరిచాను. ఇంకా తెల్లగా వచ్చింది. టీచర్‌కు ఫోన్ చేసి, ఏమీ కనబడడం లేదని చెప్పాను.

"నీ ఫోన్ పాతదైనట్టుంది బిడ్డా. కొత్తది తీస్కోరాదు."

"ప్రశ్న రాకపోతె పేపర్ మార్చమంటవా అని మీరే అన్నరు గద టీచర్."

"అప్పుడు పేపర్ పెట్టేదాన్ని. ఇప్పుడు రిటైరైన" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నాది ఐదేళ్ళ కింద కొన్న ఫోన్. కొన్న రోజున షాపాయన ఇంతకంటే కొత్తది లేదన్నాడు. నా వెబ్ ఇంజనీర్ కార్డు ఇంకా దాని కవరులోనే ఉంది, అంచులు నలిగి. కాసేపు ఆ తెల్ల తెరను చూస్తూ కూర్చున్నాను. పక్కన స్టూలు మీద ముసలి పెట్టె కూడా నన్ను చూస్తున్నట్టే ఉంది. తర్వాత ఎవరూ చూడడం లేదని నిశ్చయించుకుని, తెర మీద వేలు నొక్కిపట్టి అడ్డంగా రుద్దాను. నీలం పట్టీ పడింది. దానిమీద తెల్లగా, తప్పుల్లేకుండా అక్షరాలు లేచాయి: 'అందరూ తప్పక రావాలి'.

నవ్వాను. బయటికే నవ్వాను. రెండు మార్కులు పోతే పోయాయి.